బెంగళూరు బాల్కనీలో స్ట్రాబెర్రీ: పండ్ల మొక్క వేరు, తల్లి మొక్క వేరు

మీరు అడిగినవి ఒకసారి వరసగా పెట్టుకుంటాను. నవంబర్‌లో నర్సరీ నుంచి తెచ్చిన ఆరు మొక్కలకి పండ్లు కొన్నే వచ్చాయి, అవీ వంకరటింకరగా ఉన్నాయి. ఏప్రిల్‌లో నాలుగు మొక్కలు ఎండిపోయాయి. బతికిన రెండింటికి ఈ జూలైలో పొడుగాటి తీగలు సాగుతున్నాయి, కత్తిరించాలా నాటాలా తెలియడం లేదు. ఆన్‌లైన్‌లో కొన్న విత్తనాలు మొలవలేదు. చెన్నైలో ఉన్న అక్కగారికి ఒక మొక్క ఇవ్వొచ్చా అనేది ఆఖరిది. మీ ఇల్లు ఏడో అంతస్తు, బాల్కనీ దక్షిణం వైపు అన్నారు. బాల్కనీ దిక్కు మీకు బాగా కలిసొచ్చింది, దాని గురించి తర్వాత చెప్తాను.

ముందు తీగల సంగతి. వాటికి అదను ఇదే. దయచేసి కత్తిరించి పారేయకండి. ఎండిపోయిన నాలుగు మొక్కల చోటు నింపేది అవే.

స్ట్రాబెర్రీ మొక్క ఒకే కాలంలో పండ్లూ పిల్లమొక్కలూ రెండూ బాగా ఇవ్వలేదు. చల్లబడితే పూత వైపు తిరుగుతుంది, వెచ్చబడితే తీగలు సాగిస్తుంది. తీగ సాగించడానికి ఖర్చయ్యే బలం అంతా పండుకి పోవాల్సిందే. కాబట్టి ఇంట్లో నాలుగు మొక్కలున్నా సరే, ఇది పండ్ల కోసం, ఇది పిల్లమొక్కల కోసం అని వేరు చేసుకోవాలి. మన ఊళ్లో స్ట్రాబెర్రీ పెంచేవాళ్లలో చాలామంది ఈ ఒక్కటీ చేయక ఏటా కొత్త మొక్కలు కొంటూ ఉంటారు.

పుస్తకాల్లో పగటి పొడుగు గురించి ఎక్కువ రాస్తారు. మామూలు రకాలు పగలు సుమారు 14 గంటల కంటే తక్కువ ఉన్నప్పుడు పూస్తాయని. బెంగళూరులో జూన్ నెలలో కూడా పగలు 13 గంటలు దాటదు. అంటే పగటి లెక్క ప్రకారం ఇక్కడ ఏడాది పొడుగునా పూయొచ్చు. పూయకుండా ఆపేది వేడి. పగటి వేడి 28 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా వెచ్చగా ఉంటే పూమొగ్గ తయారవదు. డిసెంబర్, జనవరి నెలల్లో మన రాత్రులు 15, 16 డిగ్రీలకి దిగుతాయి. మన పూత కాలం అక్కడ మొదలై ఫిబ్రవరితో దాదాపు అయిపోతుంది. లంబసింగి, బెంగళూరు రెండూ దగ్గర దగ్గరగా మూడు వేల అడుగుల ఎత్తులో ఉన్నవే. కానీ అక్కడి చలి మనకి రాదు, అందుకే అక్కడి తోటల్లో చూసినంత కాపు బాల్కనీలో ఆశించకూడదు. బాగా చూసుకున్న కుండీ మొక్క సీజన్ మొత్తానికి పావు కిలో ఇస్తే సంతోషించండి. ఆరు మొక్కలుంటే ఇంట్లో పిల్లలకి వారంలో రెండు మూడు సార్లు గుప్పెడు పండ్లు దొరుకుతాయి.

ఇక తీగ ఎలా పని చేస్తుందో చూడండి. నర్సరీవాళ్లు దీన్నే రన్నర్ అంటారు. తల్లి మొక్క నుంచి బయల్దేరిన తీగకి మొదటి కణుపు దగ్గర సాధారణంగా ఏమీ రాదు. రెండో కణుపు దగ్గర చిన్న ఆకుల గుత్తి, దాని కింద గోధుమ రంగు మొటిమల్లాంటివి వస్తాయి. అవే వేళ్లు. ఆ పిల్ల నుంచి మళ్లీ తీగ సాగి, ఇంకో పిల్ల. ఇలా ఒకే తీగ మీద మూడు నాలుగు వస్తాయి. తల్లికి దగ్గరున్న మొదటి రెండు పిల్లల్నే ఉంచుకోండి, రెండోదాని తర్వాత తీగ కొస తుంచేయండి. దూరం వెళ్లేకొద్దీ పిల్లలు సన్నబడతాయి. ఒక తల్లికి నాలుగు తీగలు మించనివ్వకండి. అంటే మీ రెండు మొక్కల నుంచి పదహారు దాకా పిల్లలు తీయొచ్చు, మీ బాల్కనీకి అంత అవసరం కూడా లేదు.

చిన్న కుండీ గానీ, పేపర్ కప్పు గానీ తీసుకుని అడుగున చిల్లులు పెట్టండి. కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మికంపోస్ట్ సగం సగం కలిపి నింపి తల్లి కుండీ పక్కన పెట్టండి. పిల్లమొక్క అడుగు భాగం ఆ మిశ్రమానికి తగిలేలా ఆనించి, కొబ్బరి ఈనె ముక్కని మధ్యలో వంచి తీగ మీద గుచ్చండి. హెయిర్‌పిన్ అయినా సరే. పిల్లని లోపలికి పూడ్చకూడదు, తాకి ఉంటే చాలు. తడి ఆరిపోకుండా చూసుకుంటే వారం పది రోజుల్లో వేళ్లు దిగుతాయి. నెమ్మదిగా లాగి చూస్తే పట్టు తెలుస్తుంది. అయినా తీగ అప్పుడే కోయకండి. కనీసం నెలపాటు తల్లి దగ్గర నుంచి నీళ్లూ ఆహారం అందనివ్వండి. మీరు ఈ వారం ఆనిస్తే ఆగస్టు చివర్లో తల్లి వైపు రెండు అంగుళాలు వదిలి కోయొచ్చు. ఈ కాలమంతా తల్లికి ఎక్కడైనా పువ్వు కనిపిస్తే గిల్లేయండి.

తీగలు రాని ముసలి మొక్క ఉంటే ఇంకో దారి ఉంది. రెండేళ్లు దాటిన మొక్కని కుండీ నుంచి తీసి చూస్తే మొదలు రెండు మూడు పాయలుగా చీలి ఉంటుంది. ఒక్కో పాయకీ కాస్త తెల్ల వేరు ఉండేలా చాకుతో విడదీసి, పాత ఆకులు తీసేసి విడిగా నాటుకోవచ్చు. రన్నర్ పిల్లలంత చురుగ్గా ఉండవు గానీ మొక్క పోగొట్టుకోకుండా ఉంటుంది.

విత్తనాల మీద ఇక డబ్బు పెట్టకండి. మనం తినే పెద్ద స్ట్రాబెర్రీ సంకర జాతి. ఫ్రెంచి ఇంజనీరు ఫ్రేజియే 1714లో చిలీ నుంచి తెచ్చిన మొక్కలు ఫ్రాన్స్‌లో ఉత్తర అమెరికా జాతి పక్కన పెరిగి కలిసిపోవడం వల్ల పుట్టింది. క్రోమోజోములు మామూలుగా ఉండే రెండు సెట్లు కాదు, ఏకంగా ఎనిమిది సెట్లు, మొత్తం 56. ఇలాంటి దాని గింజ నాటితే తల్లి లాంటి మొక్క రాదు, ఏదో ఒకటి వస్తుంది. మొలవడానికి గింజల్ని తడిగా రెండు నుంచి నాలుగు వారాలు ఫ్రిజ్‌లో పెట్టి, ఆ తర్వాత మట్టి కప్పకుండా వెలుతురులో ఉంచాలి. మొలిచాక కూడా మొక్క చాలా నెమ్మది. గింజ నుంచి పెంచాలని సరదా ఉంటే ఆల్పైన్ స్ట్రాబెర్రీ అనే చిన్న పండ్ల జాతి వేరే ఉంది, అది గింజ నుంచి తల్లి లాగే వస్తుంది. మీరు కొన్న ప్యాకెట్ మీద నీలం పండు బొమ్మ ఉందన్నారు. నీలం రంగు స్ట్రాబెర్రీ అనేదే లేదు, అది కంప్యూటర్లో రంగు మార్చిన బొమ్మ. అలాగే ఎవరైనా ఊటీ వైపు నుంచి మొక్క తెచ్చిస్తే పువ్వు చూడండి. పసుపు పువ్వు పూస్తే అది అడవి మొక్క, పండు ఎర్రగా ముచ్చటగా ఉంటుంది, రుచి మాత్రం ఏమీ ఉండదు. స్ట్రాబెర్రీ పువ్వు తెలుపు.

కొత్త మొక్కలు కొనాల్సి వస్తే లాల్‌బాగ్‌లోని నర్సరీ గానీ, దాని పక్కన సిద్ధాపుర నర్సరీలు గానీ సెప్టెంబర్ చివర నుంచి చూడండి. మొక్కలు చాలావరకు మహాబలేశ్వర్ వైపు పెంచినవే ఉంటాయి. రకం పేరు అడగండి. స్వీట్ చార్లీ, వింటర్ డాన్, ఫెస్టివల్ దొరికితే అవి తీసుకోండి. మూడూ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం తీసిన రకాలు, చలి అంతగా పడని చోటు కోసం తయారైనవి కాబట్టి మనకి నప్పుతాయి. నవంబర్‌లో పండ్లతో సహా అమ్మే మొక్క చూడటానికి బాగుంటుంది గానీ, అది కొత్త కుండీలో వేరు పట్టే లోపు సగం సీజన్ అయిపోతుంది. మీకు పండ్లు తక్కువ రావడానికి ఇది ఒక కారణం అయి ఉంటుంది.

నాటేటప్పుడు అన్నిటికన్నా ముఖ్యం లోతు. ఆకులన్నీ బయల్దేరే పొట్టి కాండం ఉంటుంది కదా, దాన్ని క్రౌన్ అంటారు. దాని మధ్యలో కొత్త ఆకు మడత పెట్టుకుని ఉంటుంది. ఆ మొగ్గ మట్టి పైన, వేళ్లన్నీ మట్టి లోపల. క్రౌన్ మునిగితే కుళ్లుతుంది, పైకి తేలితే వేళ్లు ఎండుతాయి. నాటి నీళ్లు పోశాక మట్టి అణిగి క్రౌన్ తేలుతుంది, కాబట్టి మర్నాడు మళ్లీ చూసి సరిచేయండి. కుళ్లిన మొక్కకీ ఎండిన మొక్కకీ పైనుంచి చూస్తే ఆకులు ఒకేలా వాడిపోతాయి. మీ పోయిన నాలుగు మొక్కలు ఇంకా కుండీలో ఉంటే క్రౌన్‌ని నిలువునా కోసి చూడండి. లోపల ఇటుక రంగు, గోధుమ రంగు ఉంటే తెగులు. ఆ మట్టి స్ట్రాబెర్రీకి గానీ, టమాటా, మిరప, వంకాయలకి గానీ వాడొద్దు. లోపల తెల్లగా ఉండి వట్టిపోయి ఉంటే ఎండ దెబ్బ.

కుండీ లోతుగా అక్కర్లేదు, వేళ్లు ఎక్కువగా పై ఆరు అంగుళాల్లోనే ఉంటాయి. ఎనిమిది అంగుళాల కుండీకి ఒక మొక్క. పొడుగాటి తొట్టి అయితే మొక్కకీ మొక్కకీ అడుగు దూరం. ఎర్రమట్టి, బాగా మాగిన ఎరువు, కడిగిన కోకోపీట్ సమంగా కలిపి గుప్పెడు వేపపిండి వేస్తే చాలు. పచ్చి పేడ ఎరువు వేస్తే తెల్లటి వేరుపురుగు దానితో పాటే వస్తుంది, మొక్క ఉన్నపళంగా వాలిపోయాక గానీ తెలియదు. హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్కా మైక్రోబియల్ కన్సార్టియం అనే మేలుచేసే సూక్ష్మజీవుల మిశ్రమం గానీ, ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రం గానీ నాటే ముందు కలుపుకుంటే మంచిది. బూడిద, గుడ్డు పెంకులు మాత్రం వద్దు. స్ట్రాబెర్రీకి కాస్త పులుపు నేల కావాలి, పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య.

ఇక్కడే బెంగళూరు అపార్ట్‌మెంట్లలో అసలు చిక్కు, నీళ్లు. మనలో ఎక్కువమందికి వచ్చేది బోరు నీళ్లు, లేకపోతే ట్యాంకర్ నీళ్లు. పండ్ల మొక్కల్లో ఉప్పుకి ఇంత త్వరగా దెబ్బతినేవి తక్కువ. ఆకు అంచులు గోధుమ రంగులో మాడితే ఉప్పు. కొత్త ఆకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు, సున్నం ఎక్కువున్న నీళ్ల వల్ల వచ్చేది ఎక్కువగా అదే. దీనికి చీలేటెడ్ ఐరన్ లీటరుకి అర గ్రాము కలిపి సాయంత్రం ఆకుల మీద కొడితే రెండు వారాల్లో కొత్త ఆకులు పచ్చబడతాయి. కానీ నేను గట్టిగా చెప్పేది వేరే. మీ అపార్ట్‌మెంట్‌లో వాటర్ సాఫ్టనర్ ఉందేమో కనుక్కోండి. అది సున్నం తీసేసి ఆ స్థానంలో సోడియం పెడుతుంది. బట్టలకి మంచిదే, ఈ మొక్కకి విషం. ఆర్వో యంత్రం వదిలే నీళ్లలో ఉప్పు ఇంకా చిక్కగా ఉంటుంది, పొదుపు అనుకుని అవి పోస్తుంటారు చాలామంది. కావేరీ నీళ్లు వస్తే వాటినే వాడండి. ఇప్పుడు వానలు పడుతున్నాయి కాబట్టి బకెట్లు పెట్టి వాననీళ్లు పట్టుకోండి. బోరు నీళ్లు తప్పకపోతే పది పదిహేను రోజులకోసారి వాననీళ్లు గానీ మంచి నీళ్లు గానీ కుండీ అడుగు నుంచి బాగా కారేంతగా పోసి ఉప్పు కడిగేయండి. పళ్లెంలో కారిన నీళ్లు మళ్లీ పోయొద్దు.

ఇప్పుడు దక్షిణం బాల్కనీ. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ 24 ప్రాంతంలో సూర్యుడు నడినెత్తికి వచ్చి, ఆ తర్వాత ఆగస్టు 18 దాకా మధ్యాహ్నం ఉత్తరం వైపు ఉంటాడు. ఆ నెలల్లో మీ బాల్కనీలోకి నేరుగా ఎండ దాదాపు రాదు. అక్టోబర్ నుంచి మాత్రం సూర్యుడు దక్షిణానికి ఒరిగి, డిసెంబర్‌లో రోజంతా లోపలికి ఎండ పడుతుంది. పండ్ల కాలంలో ఎండ, మండే కాలంలో నీడ. ఉత్తరం బాల్కనీ వాళ్లకి ఇది సరిగ్గా తల్లకిందులు, వాళ్లు మేడ మీద పెట్టుకోవాల్సిందే. మీ మొక్కలు ఏప్రిల్‌లో పోవడానికి నేను అనుమానించేది మార్చి నెలని. అప్పటికి ఎండ ఇంకా లోపలికి పడుతూనే ఉంటుంది, వేడి మాత్రం 33, 34కి చేరుతుంది, టైల్స్ కాలి కుండీ అడుగు ఉడుకుతుంది. మార్చి మొదటి వారంలోనే కుండీల్ని లోపలి గోడ పక్కకి జరిపి, కింద ఇటుకలు పెట్టి, యాభై శాతం ఎండని ఆపే పచ్చ నీడ వల కట్టండి.

మీ పండ్లు వంకరగా రావడం తెగులు కాదు. స్ట్రాబెర్రీ మీద గింజల్లా కనిపించేవే అసలు కాయలు, ఎర్రటి గుజ్జు పువ్వు అడుగు భాగం ఉబ్బి తయారైనది. ఒక్కో గింజ ఫలదీకరణం చెందితేనే దాని చుట్టూ ఉన్న గుజ్జు ఉబ్బుతుంది. నిచ్ అనే శాస్త్రవేత్త 1950లో గింజలు తీసేసి చూస్తే గుజ్జు పెరగడం ఆగిపోయింది. ఆ చోట ఆక్సిన్ అనే మొక్కల హార్మోన్ పూస్తే మళ్లీ పెరిగింది. ఏడో అంతస్తుకి తేనెటీగలు ఎప్పుడో గానీ రావు. కాబట్టి మెత్తటి పెయింటింగ్ బ్రష్ తీసుకుని, పొద్దున పది తర్వాత పువ్వు మధ్యలో గుండ్రంగా, ముందు బయటి పుప్పొడి కాడల మీద, తర్వాత మధ్య ఉబ్బు అంతటా తిప్పండి. పువ్వు విచ్చిన రోజు నుంచి మూడు రోజులు చేస్తే పండు నిండుగా వస్తుంది. గుత్తిలో మొదటి పువ్వుదే పెద్ద పండు, దాన్ని అసలు వదలొద్దు. తేడా మీకు నెల తిరక్కుండా కనిపిస్తుంది, నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైన పని ఇది.

మిగతా పోషణ సులువే. సెప్టెంబర్ చివర, వానలు ఇంకా పడుతుంటే పైకప్పు కింద నాటండి. మన దగ్గర సెప్టెంబర్, అక్టోబర్‌లే పెద్ద వానలు, క్రౌన్‌లో నీళ్లు నిలిస్తే కొత్త మొక్క పోతుంది. మొదటి నాలుగు వారాలు వచ్చిన పువ్వుల్ని గిల్లేసి మొక్కని బలపడనివ్వండి. అంతవరకు 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే ఎరువు) లీటరుకి గ్రాము చొప్పున పది రోజులకోసారి. పూత మొదలయ్యాక నత్రజని తగ్గించి 0:0:50 (పొటాష్ ఎరువు) అంతే మోతాదులో. జీవామృతం పోసేవాళ్లు అదే పోసుకోవచ్చు, పల్చగా చేసి. రాగి గడ్డి గానీ వరిగడ్డి గానీ మొక్క చుట్టూ పరచండి, పండు తడి మట్టికి తగిలితే బూజు పట్టేస్తుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు తీగ కనిపిస్తే అక్కడికక్కడే కోసేయాలి.

పురుగుల్లో మీకు ఎదురయ్యేది ఎర్రనల్లి. ఫిబ్రవరిలో గాలి పొడిబారగానే ఆకు పైన సన్నటి తెల్ల చుక్కలు, కింద సాలెగూడు లాంటి పొర వస్తాయి. ఆకుల అడుగున నీళ్లు గట్టిగా కొట్టడం మూడు రోజులకోసారి, వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు కొద్దిగా సబ్బు కలిపి వారానికోసారి, సాయంత్రం పూట. జనవరిలో ఆకులు గిన్నెలా పైకి ముడుచుకుని తెల్లటి పొడి కనిపిస్తే బూడిద తెగులు, నీటిలో కరిగే గంధకం లీటరుకి 2 గ్రాములు. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం కొట్టకూడదు, ఆకులు మాడిపోతాయి. పిగిలిపిట్టలు వస్తే వల తప్ప వేరే దారి లేదు.

కోత గురించి ఒక్క మాట. కోసిన తర్వాత ఈ పండు మాగదు. రంగు ఇంకొంచెం మారొచ్చు గానీ తీపి పెరగదు. తొడిమ కింద తెల్ల చార పూర్తిగా పోయి ఎర్రబడ్డాక ఇంకో రోజు ఆగి, పొద్దున్నే తొడిమతో సహా గిల్లండి. బజారు పండు పుల్లగా ఉండటానికి సగం కారణం దూరం వెళ్లాలని ముందే కోసేయడం.

వచ్చే జనవరిలో, పండ్లు బాగా కాస్తున్నప్పుడే, అన్నిటికన్నా తియ్యగా, నల్లి పట్టకుండా ఉన్న మొక్కలు రెండు చూసుకుని కాడకి రంగు దారం కట్టండి. ఫిబ్రవరి మధ్య నుంచి వాటికి పూత గిల్లేసి, ముందుగా నీడకి చేర్చేది వాటినే. వేసవిలో నీళ్లకి కటకట వస్తే, 2024 మార్చిలో తాగునీళ్లు మొక్కలకి పోయొద్దని నిషేధం పెట్టినప్పటిలా, ఆ రెంటినీ బతికించుకుంటే చాలు. మిగతావి పోయినా బాధ లేదు, తొలకరికి ఇవి తీగలు సాగించి మళ్లీ నింపేస్తాయి. పిల్లల పిల్లలు అలా తీస్తూ పోతే వైరస్‌లు పేరుకుంటాయి కాబట్టి, మూడేళ్లకోసారి మాత్రం కొత్త తల్లులు కొనుక్కోండి.

అక్కగారి విషయం. చెన్నైలో జనవరి రాత్రులు కూడా 21 డిగ్రీల దగ్గరే ఉంటాయి, పూమొగ్గ కట్టడానికి ఆ చలి చాలదు. పిల్లమొక్క పంపితే ఆకులు పెరిగి, మార్చికల్లా మాడిపోతుంది. ఆవిడకి ఇవ్వాలని మనసుంటే డిసెంబర్‌లో పూత, పిందెలతో ఉన్న కుండీనే బండిలో తీసుకెళ్లి ఇవ్వండి. బెంగళూరులో కట్టిన మొగ్గలు అక్కడ పండుతాయి, ఆ ఒక్క సీజన్ మనవలు కోసుకుని తింటారు. ఏటా కాసేది కావాలంటే చెన్నై మేడ మీద పెద్ద డ్రమ్ములో మల్బరీ పెట్టమనండి. కొమ్మ కత్తిరించినప్పుడల్లా కొత్త చిగురుతో పాటే కాయలు వస్తాయి, ఆ వేడికి అదే సరైన మొక్క.